ముఖాలు గీస్తారా, కొండలు గీస్తారా? డిజిటల్ బొమ్మలకి ఏ సాఫ్ట్‌వేర్, ఏ పెన్ను తీసుకోవాలి

ఇంటర్ పరీక్షలు అయిపోయాయంటే చాలు, మా విజయనగరంలో బొమ్మల మీద ఇష్టమున్న పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ అడిగేది ఒకటే: "మేస్టారూ, ఐప్యాడ్ కొనాలా, ఉన్న ల్యాప్‌టాప్‌తో సరిపెట్టుకోవచ్చా, ఏ యాప్ మంచిది?" శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసేవాళ్లదీ ఇదే ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్ ఒకటి కొనుక్కోండి. ఫోన్ తప్ప ఇంకేమీ లేకపోతే ఐబిస్ పెయింట్ అనే యాప్‌తో మొదలుపెట్టండి, కాకపోతే ముఖాల జోలికి వెంటనే వెళ్లకుండా ల్యాండ్‌స్కేప్‌లతో (కొండలూ చెరువులూ లాంటి బొమ్మలతో) మొదలుపెట్టండి. ఐప్యాడ్ ఇప్పటికే చేతిలో ఉంటే ప్రోక్రియేట్ అనే యాప్. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ నేర్చుకునే దశలో దాదాపు ఎవరికీ అక్కర్లేదు. మీ పరిస్థితి కొంచెం తేడాగా ఉంటే ఈ జవాబు కూడా మారుతుంది కాబట్టి, ఏది ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది

యాప్‌లని పోల్చేటప్పుడు చాలామంది బ్రష్‌లు ఎన్నున్నాయి, లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు) ఎన్నొస్తాయి అని చూస్తారు. నేను ముందు అడిగేది, వచ్చే ఆరు నెలలు మీరు ఏం గీద్దామనుకుంటున్నారు అని. మనుషుల ముఖాలా, లేక కొండలూ చెరువులూ వీధులా? ఈ రెంటికీ కావలసిన పనిముట్లు వేరు.

ముఖం గీసేటప్పుడు పనంతా చిన్న చోటులోనే జరుగుతుంది. కనురెప్ప కింది నీడ ఎక్కడ మెత్తగా కరిగిపోవాలి, ముక్కు పక్క నీడ ఎక్కడ గట్టి అంచుతో ఆగాలి, పై పెదవి కింది పెదవి కంటే ఎంత ముదురుగా ఉండాలి, ఇవన్నీ చేతి ఒత్తిడిలో తేలే విషయాలు. కాబట్టి పోర్ట్రెయిట్‌కి కావలసింది ఒత్తిడిని సరిగ్గా పట్టుకునే పెన్ను, రెండు రంగుల్ని బురద చేయకుండా కలిపే బ్రష్, బొమ్మని ఎడమ కుడులు మార్చి చూపించే షార్ట్‌కట్. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, అరగంట సేపు ఒకే ముఖాన్ని చూస్తూ ఉంటే కంటికి తప్పులు అలవాటైపోతాయి, బొమ్మని తిప్పగానే ఒక కన్ను కిందికి జారిందనీ, దవడ పక్కకి పోయిందనీ వెంటనే తెలుస్తుంది. లేయర్లు మాత్రం మూడో నాలుగో చాలు.

ల్యాండ్‌స్కేప్ సంగతి ఇంకోలా ఉంటుంది. వానలు తగ్గాక సాలూరు వైపు బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూడండి. దగ్గరి కొండ ముదురు ఆకుపచ్చగా, దాని వెనకది బూడిద కలిసిన పచ్చగా, ఆ వెనకది నీలంగా, అన్నిటికంటే దూరాన ఉన్నది దాదాపు ఆకాశంలోనే కలిసిపోయి కనిపిస్తుంది. మధ్యలో ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ రంగు నీలం వైపు జరుగుతుంది, వెలుగుకీ నీడకీ మధ్య తేడా తగ్గిపోతుంది. దీన్ని బొమ్మలో చూపించాలంటే ఒక్కో కొండ వరసకీ ఒక్కో లేయర్ ఉండటం సుఖం. వెనక కొండ మరీ ముదురైపోయిందనిపిస్తే ఆ ఒక్క లేయర్‌నే కాస్త లేతగా చేయొచ్చు, మిగతా బొమ్మని ముట్టుకోనక్కర్లేదు. అంటే ఇక్కడ లేయర్లు ఎక్కువ కావాలి, పెద్ద బ్రష్ ఆగకుండా కదలాలి, పర్‌స్పెక్టివ్ గీతలు (దూరం వెళ్లేకొద్దీ దగ్గరై ఒకచోట కలిసే గీతలు) గీసి పెట్టే సాధనం ఉండాలి, సొంత బ్రష్‌లు చేసుకునే వీలుండాలి. ఒత్తిడి పట్టుకునే పెన్ను ఉంటే మంచిదే, లేకపోయినా కొన్నాళ్లు పని నడిచిపోతుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లని ల్యాండ్‌స్కేప్‌తో మొదలుపెట్టమన్నది ఇందుకే. వేలితో కొండా, ఆకాశం, పొలం ముద్దలు ముద్దలుగా వేయొచ్చు. వేలితో కనుగుడ్డు మీద వెలుగు చుక్క పెట్టడం మాత్రం నరకం.

పెన్ను

సాఫ్ట్‌వేర్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీద. ఫోన్ షాపుల్లో వంద రూపాయలకో రెండొందలకో దొరికే రబ్బరు మొన పెన్నులకి ఒత్తిడి తెలియదు. అవి వేలికి బదులు, అంతే. వేలు చెమట పట్టినప్పుడు పనికొస్తాయి, షేడింగ్‌కి రావు.

స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ అంటే ల్యాప్‌టాప్‌కి కేబుల్‌తో తగిలించే నల్ల పలక. దాని మీద పెన్నుతో గీస్తే గీత స్క్రీన్ మీద కనిపిస్తుంది. వాకామ్ అనే జపాన్ కంపెనీవి, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ అనే చైనా కంపెనీలవి బాగా దొరుకుతాయి. చిన్న సైజువి సాధారణంగా రెండు మూడు వేల దగ్గర మొదలవుతాయి. కొనేటప్పుడు బ్యాటరీ అక్కర్లేని పెన్నేనా అని ఒకసారి చూసుకోండి, ఇప్పుడు ఎక్కువ మోడళ్లలో అలాంటిదే వస్తోంది. డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ (ఒత్తిడిలో పెన్ను గుర్తించే మెట్లు) అని గొప్పగా రాస్తారు, 2048 ఉన్నదానికీ దీనికీ గీసేటప్పుడు చేతికి తేడా తెలియదు, ఆ అంకె కోసం అదనంగా డబ్బు పెట్టకండి. అయిదారు వేలు దాటి ఖర్చు పెట్టగలిగితే మీడియం సైజు తీసుకోండి, ల్యాండ్‌స్కేప్‌లో చేయి భుజం నుంచి తిప్పి గీసే పొడవాటి గీతలకి చోటు దొరుకుతుంది.

చేయి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం మొదట్లో విసుగ్గా ఉంటుంది. రెండు మూడు వారాలు రోజూ గీస్తే ఆ ఇబ్బంది పోతుంది. ఆ విసుగులో చాలామంది గమనించని చిన్న విషయం ఒకటుంది. పలక మీద గీసే చోటు ఆకారం, మీ స్క్రీన్ ఆకారం ఒకే నిష్పత్తిలో లేకపోతే మీరు చేత్తో గుండ్రంగా తిప్పినది స్క్రీన్ మీద కోడిగుడ్డులా సాగుతుంది. ముఖాలన్నీ వెడల్పుగా వస్తున్నాయని బాధపడేవాళ్లు తమ చేతిని అనుమానించే ముందు టాబ్లెట్ డ్రైవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి నిష్పత్తి సమానంగా ఉంచే ఆప్షన్ టిక్ చేయాలి. అలాగే విండోస్‌లో పెన్ను నొక్కి పట్టగానే చిన్న వలయం తిరిగి గీత ఆలస్యమవుతుంటే, నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అయ్యే సెట్టింగ్‌ని ఆపేయాలి. క్రిటాలో ప్రెషర్ అసలు రాకపోతే దాని టాబ్లెట్ సెట్టింగ్స్‌లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండుంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చి సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. టాబ్లెట్ పాడైందని షాపుకి తిరిగి పంపే ముందు ఇవి చూసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది.

స్క్రీన్ ఉన్న పెన్ డిస్‌ప్లేలు బాగుంటాయి, నేరుగా బొమ్మ మీదే గీస్తున్నట్టుంటుంది. కానీ వాటికీ కంప్యూటర్ కావాలి, ఖర్చు చాలా రెట్లు ఎక్కువ. మొదటి ఏడాది అవసరం లేదు.

ఇక టాబ్లెట్ కంప్యూటర్లు. ఆండ్రాయిడ్‌లో గీయడానికి కొంటే శాంసంగ్‌లో ఎస్ పెన్‌తో వచ్చేవే చూడండి, గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటి వాటికి పెన్ను డబ్బాలోనే వస్తుంది, ఒత్తిడి పట్టుకుంటుంది, గీయడానికి దాన్ని చార్జ్ చేయనక్కర్లేదు. పెన్ను లేని చవక ఆండ్రాయిడ్ ట్యాబ్ కొని తర్వాత ఏదో ఒక పెన్ను తగిలిద్దామంటే, ఎక్కువ మోడళ్లలో ఒత్తిడి గుర్తించే ఏర్పాటే ఉండదు.

ఐప్యాడ్ కొనేవాళ్లకి ఒక గట్టి హెచ్చరిక. ఆపిల్ పెన్సిల్స్ అన్నీ ఒకటి కావు. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ రకం పెన్సిల్ ధర తక్కువని చాలామంది తీసుకుంటారు, దానికి వంపు తెలుస్తుంది గానీ ఒత్తిడి తెలియదు. పోర్ట్రెయిట్ నేర్చుకోవాలని ఐప్యాడ్ కొని, ఒత్తిడి తెలియని పెన్సిల్ తీసుకుంటే కొన్న ప్రయోజనమే పోతుంది. మామూలు ఐప్యాడ్‌కి మొదటి తరం పెన్సిల్ తీసుకోండి, ఐప్యాడ్ పోర్ట్ యూఎస్‌బీ-సీ అయితే దానికి చిన్న అడాప్టర్ కావాలి. ఎయిర్, ప్రో మోడళ్లకి ఏ తరం పెన్సిల్ పని చేస్తుందో ఆపిల్ సైట్‌లో పట్టిక ఉంటుంది, డబ్బు కట్టేముందు మీ మోడల్ పేరుతో అది చూసుకోండి. షాపులో అబ్బాయి "అన్నీ పని చేస్తాయండి" అంటే ఆగిపోకండి.

క్రిటా

నా ఓటు దీనికే, అందుకే ఎక్కువ రాస్తాను. కేడీఈ అనే ఓపెన్ సోర్స్ సమూహం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్, విండోస్, లినక్స్, మ్యాక్‌లలో పని చేస్తుంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ స్టీమ్ అనే ఆటల స్టోర్‌లోనూ దీనికి డబ్బు అడుగుతారు, అది తయారు చేసేవాళ్లకి ఇచ్చే సాయం లాంటిది. క్రిటా సొంత వెబ్‌సైట్ నుంచి దించుకుంటే అదే సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. మీకు సంపాదన వచ్చాక స్టోర్‌లో కొని ఆ రుణం తీర్చుకోవచ్చు.

ముఖాలకి దీనిలో రంగుల్ని తడిగా కలిపే స్మడ్జ్ బ్రష్‌లు చాలా బాగుంటాయి. కీబోర్డ్ మీద ఎమ్ నొక్కితే బొమ్మ ఎడమ కుడులు మారి కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే మామూలు. రైట్ క్లిక్ చేస్తే గుండ్రటి పలక ఒకటి వస్తుంది, దాని చుట్టూ మీకు ఇష్టమైన బ్రష్‌లు, మధ్యలో రంగులు. మెనూల్లో వెతుక్కోకుండా అక్కడికక్కడే మార్చుకోవచ్చు. చేయి వణికేవాళ్లకి గీతని నిలకడగా చేసే స్టెబిలైజర్ ఉంది. ఎదురుగా పెట్టుకునే ఫొటోని కాన్వాస్ పక్కనే తేలేలా ఉంచుకోవచ్చు.

ల్యాండ్‌స్కేప్‌కి దీనిలో అసిస్టెంట్ టూల్ ఉంది. వానిషింగ్ పాయింట్ (దూరాన గీతలన్నీ కలిసినట్టుండే చుక్క) ఒకటి పెట్టి, దానికి గీత అంటుకునేలా చేయొచ్చు. మన ఊళ్లో దీనికి మంచి సాధన కోట గోడా, గంటస్తంభమూ. 1713లో కట్టిన కోట గోడ ముందు నిలబడితే రెండు వైపులకీ దిగిపోయే గీతలు స్పష్టంగా కనిపిస్తాయి, టూ పాయింట్ పర్‌స్పెక్టివ్ అర్థం కావడానికి అంతకంటే తేలిక పాఠం లేదు. గంటస్తంభం ఎనిమిది పలకలది కాబట్టి కష్టం ఎక్కువ, కోట వచ్చాక దాని దగ్గరికి వెళ్లండి.

లోపాలూ ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద కాన్వాస్ మీద పెద్ద బ్రష్ తిప్పితే గీత వెనకబడుతుంది. అలాంటప్పుడు పొడవు వైపు 2000 పిక్సెల్స్ దగ్గర ఉంచి నేర్చుకోండి, సాధన బొమ్మలకి అది చాలు. 8 జీబీ ఉంటే ఏ4 సైజు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2480 బై 3508 పిక్సెల్స్ హాయిగా నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో పెద్ద స్క్రీన్ ట్యాబ్‌లకి క్రిటా ఉంది గానీ అది కంప్యూటర్ కోసం చేసిన రూపమే, వేళ్లతో వాడటానికి ఇబ్బందిగా ఉంటుంది. ఐప్యాడ్‌కి లేదు. కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ మీద గీసేవాళ్లు మధ్యమధ్యలో సేవ్ నొక్కడం చేతికి అలవాటు చేసుకోవాలి, ఆటోసేవ్ ఉంది కదా అని దాని మీదే వదిలేయకూడదు.

ఐబిస్ పెయింట్, ఫోన్ మీద గీసేవాళ్లకి

జపాన్‌లో తయారైన ఈ యాప్ ఉచితంగా వస్తుంది, ప్రకటనలు ఉంటాయి, కొన్ని బ్రష్‌లకి చిన్న ప్రకటన వీడియో చూస్తే కొంతసేపు తెరుచుకుంటాయి. గీస్తున్నదంతా దానంతట అదే రికార్డ్ చేసి చివర్లో వేగంగా నడిచే వీడియోగా ఇస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఈ వీడియో చాలా ఉపయోగం, బొమ్మ ఏ దశలో పాడైందో వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. సిమెట్రీ రూలర్ (ఒక వైపు గీస్తే రెండో వైపూ అదే గీసేది), పర్‌స్పెక్టివ్ రూలర్, స్టెబిలైజర్ అన్నీ ఉన్నాయి. ఉచిత యాప్‌లో ఇంత ఉండటం నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం.

ఇబ్బందల్లా స్క్రీన్ చిన్నదవడమే. ముఖం గీస్తూ కన్ను దగ్గర జూమ్ చేస్తాం, ఆ కన్ను చాలా అందంగా వస్తుంది, వెనక్కి వచ్చి చూస్తే అది ముఖంలో ఉండాల్సిన చోటు కంటే అంగుళం పైన ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో పోర్ట్రెయిట్ చేసేవాళ్లు మొదటి సగం పని జూమ్ చేయకుండానే చేయాలి. గోళం గీసి, పక్కలు కోసి, కనుబొమల గీత, ముక్కు కింది గీత, గడ్డం గీత సమాన దూరాల్లో పెట్టే లూమిస్ పద్ధతిని ఒక లేయర్ మీద లేతగా గీసుకుని, దాని మీద ఇంకో లేయర్‌లో ముఖం మొదలుపెట్టండి. ఈ కింది లేయర్ ఉంటే జూమ్ చేసినా దారి తప్పరు.

మెడిబ్యాంగ్ కూడా ఇలాంటిదే, అది కామిక్స్ వైపు ఎక్కువ మొగ్గుతుంది. స్కెచ్‌బుక్ చాలా తేలికైన యాప్, పెన్సిల్ సాధనకి బాగుంటుంది, రంగుల పనికి ఐబిస్ మెరుగు. ఎస్ పెన్ ట్యాబ్ ఉన్నవాళ్లు ఇన్ఫినిట్ పెయింటర్ ఒకసారి చూడండి, దాని సహజమైన బ్రష్‌లు చెట్లకీ రాళ్లకీ చక్కగా సరిపోతాయి.

ప్రోక్రియేట్

ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో ఒక కంపెనీ 2011లో విడుదల చేసింది. ఒక్కసారి కొంటే చాలు, నెలవారీ చందా లేదు. వేళ్ల సైగలతో పని చాలా వేగంగా సాగుతుంది, రెండు వేళ్లతో తడితే వెనక్కి, మూడు వేళ్లతో తడితే ముందుకి. పోర్ట్రెయిట్‌కి నేను చూసినవాటిలో చేతికి అన్నిటికంటే హాయిగా అనిపించేది ఇదే. సొంత బ్రష్ చేసుకునే స్టూడియో కూడా చాలా బాగుంటుంది.

ల్యాండ్‌స్కేప్‌లు ఎక్కువగా గీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రోక్రియేట్‌లో కాన్వాస్ పెద్దదయ్యేకొద్దీ, ఐప్యాడ్ మెమరీ తగ్గేకొద్దీ లేయర్ల సంఖ్యకి హద్దు పడుతుంది. ముఖాలకి ఆ హద్దు తగలదు. ఆకాశం, మూడు వరసల కొండలు, చెరువు, గట్టు, చెట్లు, ముందున్న గడ్డి అంటూ పోతే తగులుతుంది, అప్పుడు లేయర్లు కలుపుకుంటూ పోవాలి. మరి కేవలం ప్రోక్రియేట్ కోసం కొత్త ఐప్యాడ్ కొనాలా? ఇంట్లో మంచి ల్యాప్‌టాప్ ఉంటే వద్దనే చెప్తాను. ఆ డబ్బుతో మీడియం సైజు పెన్ టాబ్లెట్ కొని, ల్యాప్‌టాప్ ర్యామ్ పెంచుకుని, ఇంకా మిగిలినదాంతో రంగులు సరిగ్గా చూపించేలా సరిచేసిన (కలర్ క్యాలిబ్రేట్ అయిన) మంచి మానిటర్ గురించి ఆలోచించొచ్చు. ల్యాప్‌టాప్ కూడా లేక, రెంట్లో ఒకటే కొనగలిగితే, చదువుకి కూడా పనికొచ్చేది ల్యాప్‌టాపే.

క్లిప్ స్టూడియో, ఫొటోషాప్

క్లిప్ స్టూడియో పెయింట్ కథల బొమ్మలు, కామిక్స్ వేయాలనుకునేవాళ్లకి చాలా బలమైనది. ముఖాలు నేర్చుకునేవాళ్లకి దీనిలో ఒక మంచి వస్తువు ఉంది, త్రీడీ తల బొమ్మ. దాన్ని కావలసిన వైపు తిప్పి, వెలుగు ఏ వైపు నుంచి పడాలో పెట్టుకుంటే ముక్కు నీడ ఎటు పడుతుందో కళ్లముందే కనిపిస్తుంది. దాని మీద ట్రేస్ చేసుకుంటూ పోతే మాత్రం తల కట్టడం ఎప్పటికీ రాదు, పక్కన పెట్టుకుని చూసి గీయాలి. కంప్యూటర్‌లో ఒక్కసారి కొనే వీలుంది, ట్యాబ్‌లోనూ ఫోన్‌లోనూ చందా కట్టాలి. కొనాలనుకుంటే తగ్గింపు ధరలు వచ్చేదాకా ఆగండి, ఏడాదిలో కొన్నిసార్లు వస్తాయి. దీనిలో ప్రో, ఈఎక్స్ అని రెండు రకాలున్నాయి, సాధారణ బొమ్మలకి ప్రో చాలు, ఈఎక్స్ అనేది చాలా పేజీల కామిక్ పుస్తకాలకి.

ఫొటోషాప్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది అసలు అడగాలనుకునేది ఉద్యోగం గురించి. మన రెండు జిల్లాల్లో ఫ్లెక్స్ షాపులు, ఫొటో స్టూడియోలు, డీటీపీ సెంటర్లు నడిచేవి ఫొటోషాప్, కోరల్‌డ్రా, 'అను' అనే తెలుగు ఫాంట్ల మీదే. ఆ పని చేయాలనుకుంటే ఫొటోషాప్ తప్పకుండా నేర్చుకోండి, పెళ్లి ఫ్లెక్సులూ పుట్టినరోజు బ్యానర్లూ గౌరవమైన పని, చేతికి వెంటనే డబ్బు వస్తుంది. కానీ చేత్తో ముఖం గీయడం నేర్చుకోవడానికి దానికి చందా కట్టక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ కాపీ అసలే వద్దు. ఇంట్లో అందరి ఆధార్, బ్యాంకు కాగితాలూ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలాంటిది వేస్తే వైరస్‌తో అన్నీ పోయే ప్రమాదముంది. జింప్ ఉచితమే గానీ అది ఫొటోలు దిద్దడానికి, గీయడానికి క్రిటా ఉండగా దాని అవసరం లేదు.

మన రంగులు, మన చెట్లు

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, ఎందుకంటే ట్యుటోరియల్స్‌లో చూపించే స్కిన్ ప్యాలెట్లు ఎక్కువగా తెల్ల చర్మానివి. మన నాన్నమ్మ ముఖానికి ఆ గులాబీ రంగు పెట్టి, తర్వాత నలుపు కలిపి ముదురు చేస్తే బొగ్గు పూసినట్టవుతుంది. చామన ఛాయ చర్మంలో నీడ నలుపు వైపు పోదు, ఎరుపు కలిసిన ముదురు గోధుమ వైపు పోతుంది. చర్మం రంగు ముదురయ్యేకొద్దీ లోపలి నుంచి వచ్చే వెలుగు తక్కువ, పైన మెరిసే వెలుగు ఎక్కువగా తెలుస్తుంది, కాబట్టి నుదుటి మీదా ముక్కు మీదా బుగ్గ ఎముక మీదా మెరుపు స్పష్టంగా ఉంటుంది. ఆరుబయట అయితే ఆ మెరుపులో ఆకాశపు నీలం కలుస్తుంది. మన ఎర్ర నేల మీద ఎండలో నిలబడ్డ మనిషి గడ్డం కింద చూడండి, నేల నుంచి తిరిగొచ్చిన నారింజ వెలుగు కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే రంగు ఎంచుకునే చక్రం పెద్దగా కనిపించే యాప్ కావాలి, క్రిటా, ప్రోక్రియేట్ రెండూ దీనిలో బాగుంటాయి. ఫొటో మీద ఐడ్రాపర్ పెట్టి రంగు తీసుకుంటామంటే ముందు ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపి తీసిన ఫొటోయేనా చూసుకోండి, ఆ మోడ్ చర్మాన్ని తెల్లగా, నున్నగా చేసేస్తుంది, ముడతల్లో ఉన్న అందమంతా పోతుంది.

చెట్ల సంగతీ అంతే. దొరికే బ్రష్ ప్యాక్‌లలో కొబ్బరి చెట్టు, దేవదారు చెట్టు ముద్రలు దండిగా ఉంటాయి. ఉద్దానం కొబ్బరి తోటలకి కొబ్బరి సరిపోతుంది, మన పొలం గట్ల మీది తాటి చెట్టుకి సరిపోదు. కొబ్బరి మట్ట ఈకలా చీలి ఉంటుంది, తాటాకు విసనకర్రలా విచ్చుకుంటుంది. ముద్ర కొట్టే ముందు తాటి చెట్టుని కొన్నిసార్లు చేత్తో గీసి, ఆ ఆకుని మీరే బ్రష్‌గా మార్చుకోండి. అది క్రిటా, ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో మూడింటిలోనూ తేలిక. ల్యాండ్‌స్కేప్‌ల మీద నిజంగా ఇష్టముంటే యాప్ ఎంచుకోవడంలో ఇది నాకు చాలా ముఖ్యమైన పరీక్ష.

మన ప్రాంతంలోనే నేర్చుకోదగ్గ గురువు ఉన్నారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య, వపా అన్న సంతకంతో చందమామకీ యువకీ ఎన్నో ముఖచిత్రాలు వేశారు. ముఖమూ ప్రకృతీ ఒకే బొమ్మలో ఎలా కలవాలో ఆయన దగ్గర చూడాలి. ఆయన ముఖచిత్రం ఒకటి కాన్వాస్‌లో తెరిచి, దానిపైన కొత్త లేయర్‌లో మొత్తం బూడిద రంగు నింపి, ఆ లేయర్ మోడ్‌ని (కింది లేయర్‌తో కలిసే తీరుని) కలర్‌కి మార్చండి. రంగులు పోయి వెలుగు నీడలు మాత్రం మిగులుతాయి. ముఖం చుట్టూ ఎంత తేడా ఉంచారో, వెనక చెట్లలో ఎంత తక్కువ తేడా ఉంచారో అప్పుడు కనిపిస్తుంది. మీ సొంత బొమ్మ మీద కూడా ఇదే లేయర్ పెట్టి చూసుకుంటూ ఉండండి. పైన చెప్పిన పెద్ద యాప్‌లన్నిటిలోనూ, ఐబిస్‌తో సహా, ఈ కలర్ మోడ్ ఉంది.

ఇంకా తేల్చుకోలేకపోతే

డబ్బు పెట్టకుండా ఒక వారం ఇలా చూడండి. స్నేహితుల దగ్గరున్న ఐప్యాడో ట్యాబో ఒక సాయంత్రం అడిగి తీసుకోండి, మీ ల్యాప్‌టాప్‌లో క్రిటా వేసుకోండి, ఫోన్‌లో ఐబిస్ వేసుకోండి. కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసిన ఇంట్లోవాళ్ల ఫొటో ఒకటి, రామతీర్థం కొండ ఫొటోనో శ్రీకాకుళంలో నాగావళి ఫొటోనో ఒకటి తీసుకోండి. మూడింటిలోనూ అవే రెండు బొమ్మలు, వెలుగు, మధ్య ఛాయ, నీడ అన్న మూడే రంగులతో వేయండి. బొమ్మ ఎలా వచ్చిందన్నది ఇప్పుడు చూడొద్దు. ఎక్కడ గీస్తున్నప్పుడు మెనూల కోసం వెతుక్కోలేదో, ఎక్కడ చేయి నొప్పి పుట్టలేదో, మర్నాడు మళ్లీ ఎక్కడ తెరవాలనిపించిందో అది చూడండి.

ఒకటి ఎంచుకున్నాక కనీసం ఏడాది మార్చొద్దు. తర్వాత మారాలనుకున్నా పని వృథా కాదు, క్రిటా, ఐబిస్, ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో అన్నీ పీఎస్‌డీ అనే ఫొటోషాప్ రకం ఫైల్ ఇస్తాయి, లేయర్లు చాలావరకు అలాగే వెళ్తాయి. బ్రష్‌లు మాత్రం ఒకదాంట్లోవి ఇంకోదాంట్లోకి సరిగ్గా వెళ్లవు.

ప్రింట్ తీయించాలనుకునేవాళ్లు ఆ మాట మొదట్లోనే అనుకుని కాన్వాస్ పెట్టుకోవాలి. ఫొటో ల్యాబ్‌లో 12 బై 18 అంగుళాల ప్రింట్ కావాలంటే 300 డీపీఐ లెక్కన 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి, చిన్నగా గీసి తర్వాత పెంచితే కళ్ల దగ్గర గీతలు పగులుతాయి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చా నీలమూ కాగితం మీద కొంచెం వన్నె తగ్గి వస్తాయి, పెద్ద ప్రింట్‌కి ముందు చిన్న కాపీ ఒకటి తీయించి చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పెన్ టాబ్లెట్ అయితే మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. మెల్లగా నొక్కుతూ గట్టిగా నొక్కేదాకా ఒకే పొడవాటి గీత గీయండి, సన్నంగా మొదలై లావయ్యేదాకా మధ్యలో తెగకుండా రావాలి. పలక మూలల్లో కూడా గీసి చూడండి, కేబుల్ పోర్ట్ దగ్గర వైరు కదిపితే ఆగిపోతుందేమో చూడండి. పెన్ను మొన అరిగి ఏటవాలుగా ఉంటే భయం లేదు, కొత్త మొనలు విడిగా దొరుకుతాయి. పెన్నే పోయి ఇంకో కంపెనీ పెన్ను జత చేసి అమ్ముతుంటే మాత్రం ఎంత చవకైనా తీసుకోకండి, ఒక కంపెనీ టాబ్లెట్ మీద ఇంకో కంపెనీ పెన్ను సాధారణంగా పని చేయదు.